నవలాకారుడి ట్రంకుపెట్టె ఎవరిది?

సేకర్త: సూటిగానే అడుగుతానమ్మా. సికింద్రాబాద్‌లో ఏ మారేడుపల్లిలోనో, ఏ పద్మారావునగర్‌లోనో పాత ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేస్తారు. ఆ ఇంటి పెద్దాయన ఒకప్పుడు నవలలు రాసినవాడు. అటక మీది ట్రంకుపెట్టె కిందికి దిగుతుంది. పిల్లల్లో ఒకరు డాలస్‌లో, ఒకరు కొండాపూర్ ఫ్లాట్‌లో. పెట్టె పెట్టుకునే చోటు ఇద్దరికీ లేదు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఇక ఆ కాగితాలకి మిగిలేవి రెండే దారులు. పాత పేపర్లవాడి తక్కెడ, లేదా నాలాంటివాడి చెక్కు. చెక్కు రాస్తే నా తప్పేమిటి?

లైబ్రేరియన్: రెండే దారులనడం దగ్గరే నాకు పేచీ అన్నగారూ. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి అడిగినా కూర్చోబెట్టి చదవనిచ్చే చోట్లు ఈ ఊళ్లో ఉన్నాయి. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. ఉస్మానియా ఆవరణలో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. మీరు చెక్కు రాయడం తప్పని నేననను. రాశాక ఆ కాగితాలు ఎక్కడున్నాయో మీకూ మీ బీరువాకీ తప్ప లోకానికి తెలియదు. నా అభ్యంతరం అక్కడే.

సేకర్త: ఏ సంస్థ పేరూ ఎత్తను. కానీ మొత్తంగా మన వ్యవస్థ తీరు మీకు తెలియంది కాదు. పెట్టె ఇచ్చినవాడి చేతికి రసీదు రాదు. లోపల ఏమున్నాయో జాబితా కట్టరు. పదేళ్ల తర్వాత మనవరాలు వెళ్లి మా తాతగారి నోటుపుస్తకం చూడాలంటే, ఆ సెక్షన్ చూసే ఆయన రిటైరయ్యాడు, తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవాలి అంటారు. ఊరికే వచ్చినదాని మీద ఎవరికీ పట్టింపు ఉండదమ్మా. డబ్బు పోసి కొన్నవాడు మాత్రం చెదలు పట్టనివ్వడు. అసలు కుటుంబం ఆ కాగితాల వంక రెండోసారి చూసేదే వాటికి ధర ఉందని తెలిశాక. మన భాషలో ఇది కొత్త సంగతి కూడా కాదు. బ్రౌన్ దొర ఏం చేశాడు? సొంత జీతం డబ్బుతో తాళపత్రాలు కొన్నాడు, అప్పు చేసి మరీ కొన్నాడు. ఆయన సేకర్త కాకపోతే ఇంకెవరు?

లైబ్రేరియన్: బ్రౌన్‌ని మీ పక్షాన నిలబెట్టారు, సంతోషం. ఒప్పుకుంటాను, ఆయన కొనకపోతే మనకి మిగిలేది చాలా తక్కువ. కానీ కొన్నాక ఏం చేశాడో కూడా చెప్పండి. కడపలో పండితులకి జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒక్కో కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పోల్చి సాపుప్రతులు రాయించాడు. చివరికి సేకరించినదంతా మద్రాసులో పదిమందికీ అందేలా ఇచ్చేశాడు. ఆయన ఇంట్లో దాచుకుని ఉంటే ఆయన పేరు ఇవాళ మనకి తెలిసేదా?

సేకర్త: నేను మాత్రం చచ్చేటప్పుడు వెంట తీసుకుపోతానా? ఇంకో మాట. కల్నల్ మెకంజీ 1821లో పోయాక ఆయన కాగితాలన్నీ భార్య చేతికొచ్చాయి. ఆయన కింద పనిచేసిన కావలి సోదరులు ఊరూరా తిరిగి పోగుచేసిన కైఫియత్తులూ శాసనాల నకళ్లూ అందులోవే. వాటిని కంపెనీ ప్రభుత్వం పది వేల పౌండ్లకి కొంది. ఆవిడ అమ్మింది కాబట్టే అవి నిలిచాయి. అమ్మకం అనగానే అపచారం అన్నట్టు మాట్లాడకూడదు.

లైబ్రేరియన్: నిలిచాయి, ముక్కలై నిలిచాయి. కొన్ని లండన్‌లో, కొన్ని కలకత్తాలో, కొన్ని మద్రాసులో. ఒక్క ఊరి చరిత్ర చూడాలంటే మూడు ఊళ్లు తిరగాలి.

సేకర్త: ఆ ముక్కలు చేసింది సర్కారేగానీ వేలంపాటగాడు కాదుగా!

లైబ్రేరియన్: అదీ నిజమే. అయితే నా భయం అమ్మకం గురించి కాదని ఇప్పుడైనా స్పష్టంగా చెప్పుకోవాలి. నా భయమంతా కట్ట విప్పడం గురించి. మన ఊరి మనిషినే తీసుకుందాం. వట్టికోట ఆళ్వారుస్వామి. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. పుస్తకాలు తనే మోసుకుని ఊళ్లు తిరిగి అమ్మాడు. ‘ప్రజల మనిషి’ రాశాడు. ‘గంగు’ పూర్తికాకుండానే 1961 ఫిబ్రవరిలో పోయాడు. ఆ నవల ఆయన పోయాకే అచ్చయింది. ఆయన పెట్టె ఒకటి మీ ముందుకి వచ్చిందనుకుందాం. ఏమేం తీసుకుంటారు?

సేకర్త: మొదట ‘గంగు’ చిత్తుప్రతి. ఆగిపోయిన నవల కదా, చివరి పుటకే ఒక ధర పలుకుతుంది. తర్వాత దాశరథి రాసిన ఉత్తరం ఏదైనా ఉంటే అది. ఇద్దరూ నిజామాబాద్ జైల్లో కలిసి ఉన్నవాళ్లు. పళ్లు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో దాశరథి జైలు గోడ మీద పద్యాలు రాసిన రోజులవి. ఆ రోజులనాటి చీటీ ముక్క దొరికినా వదలను.

లైబ్రేరియన్: ఆ గోడని మాత్రం ఎవరూ కొనలేకపోయారు, సున్నం కొట్టేశారు. సరే, పెట్టె అడుగున గ్రంథమాల జమాఖర్చుల పుస్తకం ఉందనుకోండి. ఏ ఊళ్లో ఎవరు చందా కట్టారు, ఏ పుస్తకం ఎన్ని ప్రతులు పోయింది, ఎవరు బాకీ పడ్డారు, ప్రెస్సుకి ఎంతిచ్చారు. అది తీసుకుంటారా?

సేకర్త: నిజం చెప్పాలంటే తీసుకోను. నా దగ్గర కొనేవాడెవడూ తీసుకోడు.

లైబ్రేరియన్: నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం ఎవరి చేతుల మీదుగా ఏ పల్లెకి చేరిందో చెప్పేది ఆ జమాఖర్చుల పుస్తకం ఒక్కటే. ‘గంగు’ మనకి అచ్చులో దొరుకుతుంది, ఆ లెక్కలు ఇంకెక్కడా దొరకవు. మీరు పాయసంలో జీడిపప్పు ఏరుకుని వెళ్తే, మిగిలింది కుటుంబం దృష్టిలో ఎంగిలే. మంచివన్నీ పోయాయిగా, ఇవెందుకు అని తక్కెడ ఎక్కిస్తారు. ధర కాగితాన్ని కాపాడుతుందన్నారు. ధర పలికినదాన్ని కాపాడుతుంది. పక్కన ఉన్నదాన్ని చంపుతుంది.

సేకర్త: ఈ దెబ్బ తగిలిందమ్మా, ఒప్పుకుంటాను. మా వ్యాపారంలో ఉన్న దోషం ఇదే. ఒక రచయిత కట్టని నలుగురం పంచుకున్న సందర్భాలు ఉన్నాయి. నవల మొదటి భాగం ఒకరి దగ్గర, రెండోది ఇంకొకరి దగ్గర. కానీ నవల అచ్చులో దొరుకుతుంది కాబట్టి రాతప్రతితో పనేముందన్నట్టు మాట్లాడారే, అది తగదు. తెలుగు నవలకి రాతప్రతి మిగలడమే అపురూపం. పత్రికకి సీరియల్ పంపితే వారం వారం పంపిన కాగితాలు కంపోజింగ్‌కి పోయేవి. కంపోజిటర్లు పుటలు పంచుకుని సీసపు అక్షరాలు పేర్చేవాళ్లు. అచ్చయ్యాక సిరా మరకల ఆ కాగితాలు చెత్తబుట్టకే. తిప్పి పంపడానికి స్టాంపులు అంటించిన కవరు జతచెయ్యమన్నది అచ్చు కాని రచనల కోసం. అచ్చయినవి వెనక్కి వచ్చేవే కావు. అంటే నవల ఎంత పేరు తెచ్చుకుంటే దాని రాతప్రతి పోయే అవకాశం అంత ఎక్కువ. అందుకే మిగిలిన నాలుగింటికి నేను విలువ కడుతున్నాను.

లైబ్రేరియన్: ఆ విలువ దేనికి కడుతున్నారో చెప్పండి. చదవడానికా, తాకడానికా?

సేకర్త: రెంటికీ. నా దగ్గర ఒక నవల చిత్తుప్రతి ఉంది. అరఠావు కాగితాలు, ఎడమవైపు వేలెడు మార్జిన్, మూలన గుండుసూది తుప్పు. పదకొండో పుటలో కథానాయిక కాగితం చించేసి ఇల్లు వదిలి వెళ్తుంది. ఆ పేరా మీద ఇంకో కాగితం ముక్క మైదాపిండితో అంటించి ఉంది. దీపం వెనక పెట్టి చూస్తే కింది రాత కనబడుతుంది. అందులో ఆవిడ వెళ్లదు, వంటింట్లోకి పోయి పొయ్యి రాజేస్తుంది. రచయిత మనసు మార్చుకున్న చోటు అది. అచ్చు పుస్తకం ఎన్నిసార్లు తిరగేసినా ఇది తెలియదు.

లైబ్రేరియన్: చూశారా, ఇప్పుడే నా వాదన మీరు చెప్పారు. ఆ ముక్క కింద ఏముందో తెలిసినవాళ్లం లోకంలో ఇద్దరమే, మీరూ, ఇవాళ్టి నుంచి నేనూ. ఆ నవల మీద పరిశోధన చేసే అమ్మాయి ఎవరైనా ఆ ఇల్లు వదలడం మొదటినుంచీ రచయిత ఉద్దేశమేనని రాసి పట్టా పుచ్చుకుంటుంది. గురజాడ సంగతి తలుచుకోండి. ఆయన 1915లో పోయారు. డైరీలూ ఉత్తరాలూ ఒక బీరువాలో ఆగిపోకుండా 1950లలో అవసరాల సూర్యారావు చేతికొచ్చి విశాలాంధ్ర నుంచి అచ్చయ్యాయి. అది ఆఖరు కాలేదు. 2012లో మనసు ఫౌండేషన్ ‘గురుజాడలు’ వచ్చేదాకా కొత్త తరం మళ్లీ మళ్లీ వాటిని చూస్తూనే ఉంది. కాగితం పదిమందికి అందితే, ఒకరి పొరపాటు ఇంకొకరు దిద్దుతారు.

సేకర్త: మీరు రండి, చూపిస్తాను. ఎవరు వచ్చినా చూపిస్తాను. సేకర్తలందరూ దాచుకునే పిసినారులని ఎందుకనుకుంటారు? జాక్ కెరువాక్ ‘ఆన్ ది రోడ్’ని 120 అడుగుల కాగితపు చుట్ట మీద టైపు చేశాడు. 2001లో జిమ్ ఇర్సే అనే ధనవంతుడు 24 లక్షల డాలర్లకి కొన్నాడు. కొని ఊరూరా ప్రదర్శించాడు.

లైబ్రేరియన్: అది ఆయన మంచితనం. మంచితనం మీద ఆధారపడితే రేపు మీ అబ్బాయిగారి మంచితనం మీద కూడా ఆధారపడాలి. చూడటం పాఠకుడి హక్కుగా ఉండాలి తప్ప మీ దయగా కాదు.

సేకర్త: హక్కంటే డబ్బు పెట్టాలి. 1988లో కాఫ్కా ‘ద ట్రయల్’ రాతప్రతి లండన్‌లో వేలానికి వస్తే జర్మనీవాళ్లు పది లక్షల పౌండ్లిచ్చి తమ మార్‌బాక్ సాహిత్య ఆర్కైవ్‌కి తెచ్చుకున్నారు. గార్సియా మార్క్వెజ్ కాగితాలకి 2014లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలోని హ్యారీ రాన్సమ్ సెంటర్ 22 లక్షల డాలర్లిచ్చింది. మన ప్రభుత్వానికీ డబ్బు లేక కాదు. గాంధీజీకీ ఆయన మిత్రుడు కాలెన్‌బాక్‌కీ సంబంధించిన ఉత్తరాలు 2012లో సోత్‌బీస్ వేలానికి రాబోతుంటే, దాదాపు ఏడు లక్షల పౌండ్లు పెట్టి ముందే కొనేశారు. ఆళ్వారుస్వామి కోసం, ఇంకో తెలుగు నవలాకారుడి కోసం ఎవరు పెడతారు? మీరు ఆ కుటుంబాన్ని ఊరికే ఇవ్వమంటారు. రచయిత బతికుండగా పబ్లిషర్ ఊరికే ఇమ్మన్నాడు, పత్రిక ఊరికే ఇమ్మంది. పోయాక లైబ్రరీ కూడా అదే మాటంటే ఆ భార్య ఏమనుకోవాలి?

లైబ్రేరియన్: దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఆవిడ మందులకి డబ్బు కావాలంటే నేను సాహిత్య సేవ గురించి ఉపన్యాసం ఇవ్వలేను. కానీ మార్క్వెజ్ పేరు ఎత్తారు కాబట్టి ఆ కథ పూర్తిచేద్దాం. ఆ సంస్థ కట్ట విప్పకుండా మొత్తం కొంది. 2017లో 27 వేలకు పైగా పుటల చిత్రాలు ఇంటర్నెట్‌లో పెట్టింది. కుటుంబానికి డబ్బూ వచ్చింది, పాఠకుడికి పుటా దొరికింది. మీరు ఆ పని చెయ్యగలరా? కొన్నవన్నీ స్కాన్ చేసి జనానికి వదులుతారా?

సేకర్త: ఇక్కడ దాపరికం లేకుండా మాట్లాడతాను. పూర్తిగా వదిలితే ధర పడుతుంది. ఇంకెవరూ చూడలేదన్నదే సగం ధర. ఇంకో సంగతి, స్కాన్ పెట్టడానికి నాకు అధికారం ఎక్కడిది? కాగితం నాది, అందులో మాటల మీద కాపీరైట్ వారసులది. రచయిత పోయాక అరవై ఏళ్ల దాకా వాళ్లదే. బతికుండగా అచ్చు కానిదైతే, అచ్చయిన తర్వాతే ఆ అరవై ఏళ్ల లెక్క మొదలు.

లైబ్రేరియన్: చట్టం దాకా వచ్చారు కాబట్టి అదే కాపీరైట్ చట్టంలో 53ఎ సెక్షన్ కూడా చూడండి. రచన అసలు రాతప్రతి పది వేల రూపాయలకి మించి మారుబేరానికి పోతే, అందులో వాటా అడిగే హక్కు రచయితకి, ఆయన తర్వాత వారసులకి ఉంది. పది శాతం దాటకూడదు, అంతే. ఆ కుటుంబం దగ్గర ఐదు వేలకి కొన్నది మీరు ఐదు లక్షలకి అమ్మితే, వాళ్లకి ఫోన్ చేస్తారా?

సేకర్త: నాకు తెలిసిన బేరాల్లో ఎవరూ అడగలేదు.

లైబ్రేరియన్: ఎవరూ చెప్పలేదు కాబట్టి అడగలేదు. మొదటిసారి అమ్మేవాడు ఎప్పుడూ అవసరంలో ఉన్నవాడే, అసలు ధర తెలియనివాడే. అది గ్రహించే చట్టం మారుబేరం మీద చెయ్యేసింది. ఇంకోటి. డెబ్బై ఐదేళ్లు దాటిన సాహిత్య రాతప్రతి 1972 చట్టం కింద పురావస్తువు. దాంతో వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు కావాలి, దేశం దాటించడానికి మీకూ నాకూ వీల్లేదు. ఆళ్వారుస్వామి జైలు రోజుల కాగితం దొరికితే ఈపాటికి ఆ గీత దాటి ఉంటుంది.

సేకర్త: ఆ చట్టం గీసిన గీతకి ఇవతలే ఉన్నాను, ఉంటాను. కానీ ఉత్తరాల దగ్గరికొద్దాం. అక్కడ మీ పక్షం కూడా అంత శుభ్రంగా ఉండదు. పెట్టెలో దొరికేవి రచయిత రాసిన ఉత్తరాలు కావు, ఆయనకి వచ్చినవి. 1960లలో ‘సెక్రటరీ’ లాంటి సీరియళ్లు నడుస్తున్న కాలంలో రచయిత్రులకి ఎందరో ఆడవాళ్లు మనసు విప్పి రాసుకునేవారు. మొగుడి సంగతి, అత్తగారి సంగతి, చదువు ఆపేసిన సంగతి. ఇన్‌లాండ్ లెటర్ మూడు మడతలూ నింపి, అంచుల్లో కూడా రాసి. అవి మీ రీడింగ్ రూమ్‌లో బల్ల మీద పరిచి ఎవరు పడితే వాళ్లు చదవడం న్యాయమా? అలా రాసిన ఆవిడకి ఇప్పుడు ఎనభై ఏళ్లు ఉండొచ్చు, పక్క వీధిలోనే ఉండొచ్చు. నా బీరువా తాళం ఆవిడ పరువుని మీకన్నా బాగా కాపాడుతుంది.

లైబ్రేరియన్: ఒప్పుకోక తప్పదు. పదిమందీ చూడాలి అని నేనన్న మాట ఆ ఉత్తరం ముందు నిలవదు. మంచి ఆర్కైవ్ అయితే అలాంటి కట్టకి సీలు వేసి ఇన్నేళ్ల దాకా తెరవకూడదని రాసిపెడుతుంది. మన దగ్గర ఆ క్రమశిక్షణ ఎంత ఉందో మీకూ తెలుసు. కానీ మీ తాళం కూడా అమ్ముడుపోయేదే కదా. కొనేవాడు ముందు ఫోటో పంపమంటాడు. వాట్సాప్‌లో ఒక్కసారి వెళ్లిన ఆ ఇన్‌లాండ్ లెటర్‌ని ఏ తాళం వెనక్కి తెస్తుంది?

సేకర్త: ఆ ఉత్తరాలకి కొనేవాడే లేడు. పేరున్నవాళ్ల సంతకం లేదు వాటి మీద.

లైబ్రేరియన్: అంటే మళ్లీ తక్కెడకే. నాకు అన్నింటికన్నా విలువైనవి అవే. తెలుగు నవలని ఎవరు చదివారు, చదివి ఏం చేశారు అన్నదానికి ఇంకో సాక్ష్యం లేదు. మీకు ధరలేనిది, నాకు వెలకట్టలేనిది, ఆవిడకి బయటపడకూడనిది, మూడూ ఒకే కాగితం. దాని విషయంలో నా నియమమూ పనిచెయ్యదు, మీ ధరా పనిచెయ్యదు.

సేకర్త: లైబ్రరీలో పెట్టాలంటే నీళ్ల సంగతి కూడా మర్చిపోవద్దు. అబ్దుస్ సమద్ ఖాన్ అనే హైదరాబాదీ జీవితమంతా ఉర్దూ పుస్తకాలూ పత్రికలూ పోగుచేశాడు. ఒంటరి సేకర్త, నాలాంటివాడే. ఆ సంపదని అమెరికా విశ్వవిద్యాలయాలు కలిసి కొని, ఊరు దాటించకుండా సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉంచాయి. సేకర్త, డబ్బు, ప్రజల గ్రంథాలయం మూడూ కుదిరిన అరుదైన సందర్భం. 2000 ఆగస్టు వరదల్లో నీళ్లు లోపలికొచ్చి వేల పుస్తకాలు తడిశాయి. ఎవరినీ తప్పుపట్టడం లేదు. అన్నీ ఒకే చోట పెట్టడంలో ఈ ప్రమాదం కూడా ఉంది.

లైబ్రేరియన్: ఆ వరద తర్వాత ఏం పోయిందో ఎవరైనా చెప్పగలిగారంటే అక్కడ ఏముందో లోకానికి తెలుసు కాబట్టి. మీ ఇంట్లోకి నీళ్లొస్తే ఏం పోయిందో మాకు తెలియదు, పోయిందనే తెలియదు. అందుకే నేను అడిగేది చాలా చిన్నది. కాగితం మీ దగ్గరే ఉండనివ్వండి. జాబితా మాత్రం బయటపెట్టండి. ఏ రచయితవి, ఏ సంవత్సరానివి, ఎన్ని పుటలు, ఏ పెట్టెలోంచి వచ్చాయి.

సేకర్త: జాబితా బయటపెడితే దొంగ సరుకు కూడా వస్తుంది. ఫలానా నవల రెండో భాగం దొరకలేదని తెలిస్తే, ఏడాదిలోగా పాత కాగితం మీద పాత దస్తూరీతో అది తయారవుతుంది.

లైబ్రేరియన్: దొంగ సరుకు జాబితా వల్ల రాదు, ధర వల్ల వస్తుంది. పైగా ఏ పెట్టెలోంచి ఏది వచ్చిందో ముందే రాసి ఉంటే దొంగని పట్టుకునేది ఆ జాబితానే. అందుకే చెబుతున్నా, కుటుంబం పెట్టె తెరిచిన రోజే, ఒక్క కాగితం కూడా చేతులు మారకముందే, ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. తర్వాత అమ్ముకుంటారో ఇచ్చేస్తారో వాళ్ల ఇష్టం.

సేకర్త: వినడానికి బాగుంది. కట్ట కట్టగా కొనడానికి నేను సిద్ధమే, జమాఖర్చుల పుస్తకంతో సహా. నా తర్వాత రసీదు ఇచ్చే లైబ్రరీకే వెళ్లాలని వీలునామా కూడా రాస్తాను. ఆ రసీదు ఇచ్చేవాళ్లెవరో మీరు పేరు చెప్పగలరా?

లైబ్రేరియన్: ఇవాళ చెప్పలేను. ఖాళీలు నింపకుండా, జాబితా కట్టే మనిషి లేకుండా మాట ఇస్తే అబద్ధమవుతుంది.

సేకర్త: మరి రేపు ఆ ఇంటివాళ్లు మీకే ఫోన్ చేశారనుకోండి. ఏం చెబుతారు?

లైబ్రేరియన్: ఏదీ పారెయ్యొద్దు, ఏదీ విడదియ్యొద్దు, ముందు జాబితా రాయండి అంటాను. ధర ఎంత వస్తుందని అడిగితే మీ నంబరు ఇవ్వడం తప్ప నాకు గతిలేదు. అదే నా అవస్థ.

సేకర్త: జాబితా అయ్యేదాకా నేను ఆగుతాను. నాలుగు ఇళ్లవతల ఇంకొకడు ఉన్నాడు, వాడు ఆగడు. మొదటి పుటా చివరి పుటా చాలంటాడు, రొక్కం చేతిలో పెడతాడు.

లైబ్రేరియన్: మొదటి పుటకీ చివరి పుటకీ అంత రేటు ఉంటుందని వాడికి నేర్పింది ఎవరు అన్నగారూ?